సగం కడిగిన పన్ను

లాండ్రీ వెనక వాటా నుంచి,
వానలు మొదలైన వారం

వదినా,

నా బుగ్గ వాచిన సంగతి నీకు చేరవేసింది అన్నయ్యేనని నాకు తెలుసు. మొన్న పనిమీద ఇటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కాఫీ వద్దన్నాడు, నా మొహంకేసి ఒకసారి చూసి తర్వాత నేలకేసే చూశాడు. కడుపులో మాట దాచుకోవడం ఆయనకి పుట్టుకతో రాలేదు. నువ్వేమో వెంటనే రాసేశావు, "బుగ్గలో బంతి పెట్టుకు తిరుగుతున్నావట, ఎవరితో ఆడదామని?" అంటూ. సంతోషం. నా నొప్పి నీకు ఆటగా ఉంది.

ఫోను ఎందుకు ఎత్తవని అడిగావు. నా పిల్ల పోయిన కబురు ఆ ఫోనులోనే కదా వచ్చింది. అప్పట్నుంచీ అది మోగితే నా చెయ్యి దాని దగ్గరికి పోదు. బీరువాలో దుప్పట్ల కింద పడేశాను. కావలసినవాళ్ళు ఉత్తరం రాస్తారు. నీలాంటివాళ్ళు తిడుతూ రాస్తారు.

ఇక పన్ను సంగతి. పై దవడ, ఎడమపక్క, లోపలి పెద్ద పన్ను. పెద్ద రోడ్డులో కొత్తగా తెరిచిన పళ్ళాసుపత్రికి వెళ్ళాను. దాని తలుపు నన్ను చూసి దానంతటదే తెరుచుకుంది. లోపల చేపల తొట్టి. చేపలకి పళ్ళుంటాయా అని అడిగితే కౌంటరు దగ్గరి అమ్మాయి "అపాయింట్‌మెంట్ ఉందాండీ?" అంది. గోడంతా ఒకావిడ నవ్వు. నోటి వరకే ఉంది, మిగతా మొహం లేదు. ఆ నోట్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ పళ్ళున్నాయి.

డాక్టరు కుర్రాడు. జుట్టు నిలబెట్టుకున్నాడు, నన్ను పడుకోబెట్టాడు. "రూట్ కెనాల్ అమ్మా. ఒక్క సిట్టింగు. మీరు ఆ టీవీలో నాలుగు పాటలు చూసేలోగా ఇంటికి పంపిస్తా" అన్నాడు.

"కడుగుడు ఎంతసేపు బాబూ?" అన్నాను.

"అదెంతమ్మా, ఒక సిరంజి కొట్టేస్తాం!"

కొట్టేస్తాడట! వాడి మొహం. జుట్టు నెరిసేదాకా ఆసుపత్రి దుప్పట్లు ఉతికినదాన్ని, ఒక్క ముంచు ముంచి తీసిన దుప్పటి ఎలా ఉంటుందో నాకు తెలియదా? నోరు మూసేశాను. వాడు "ఆ అనండి" అంటాడు, నేను "ఊఁ" అంటాను. మళ్ళీ "ఆ" అంటాడు, మళ్ళీ "ఊఁ" అంటాను. చివరికి నా సంచీ తీసుకుని లేచి వచ్చేశాను. తలుపు మాత్రం మళ్ళీ దానంతటదే తెరుచుకుంది. ఆ ఆసుపత్రి మొత్తానికి మర్యాద తెలిసింది దానికొక్కదానికే.

నొప్పి పెద్దగా లేదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. దీన్ని పట్టుకుని నువ్వు రామాయణం చెయ్యకు.

నీ ఆడపడుచు


బస్టాండు ఎదురు మేడమీద నుంచి,
వాన వెలిసిన పూట

ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

మేమిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమం కాదని తెలుసు కాబట్టి ఆ ముక్క రాయను.

చేపల తొట్టి బాగుంది, తలుపు బాగుంది, కుర్రాడి జుట్టు ఇంకా బాగుంది. కానీ నీ ఉత్తరంలో ఒక కంత ఉంది, నీ పంటిలో ఉన్నంత పెద్దది. కుర్చీ ఎక్కి పడుకున్నదానివి, నోరెందుకు మూశావు? కడుగుడు తక్కువని అంటావు. నమ్మను. అది నచ్చకపోతే ఆ కుర్రాడి చేత రెండోసారి, మూడోసారి కడిగించి, చివరికి నేల కూడా తుడిపించి వచ్చే రకం నువ్వు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. నువ్వు పోట్లాట లేకుండా లేచి వచ్చావంటే అక్కడ ఏదో దాచావన్నమాటే.

సరే, చెప్పవు. నా మాట విను. మా వీధి చివర ఎక్స్‌ప్రెస్ పళ్ళాసుపత్రి పెట్టాడు. అదే, మన పిల్లతో డెంటల్ కాలేజీలో చదివిన కుర్రాడు. ఇప్పుడు మంచి పేరుందని మీ అన్నయ్య అంటున్నారు. ఆయన మాటకి విలువేముందిలే, మంగలి బాగా మాట్లాడాడని జుట్టు రెండుసార్లు కత్తిరించుకొచ్చిన మనిషి. అయినా వచ్చి ఒక వారం ఉండు, చూపిద్దాం.

నన్నడిగితే ఏ డాక్టరు పనితనమూ నేను చెప్పలేను. నా నోట్లో నాదంటూ ఒక్క పన్ను లేదు కదా, అన్నీ కట్టుడువే. అవి కూడా ఈమధ్య మాట్లాడుతుంటే టకటకమంటున్నాయి. గుర్రాన్ని చేసుకున్నట్టుందని మీ అన్నయ్య వెటకారం. అది వేరే కథ, నీకెందుకు.

వస్తున్నావా లేదా రాయి. ఫోను ఎత్తితే రాయక్కర్లేదు.

నీ వదిన


లాండ్రీ వెనక వాటా నుంచి,
బట్టలు ఆరని రోజుల్లో

వదినా,

ఎక్స్‌ప్రెస్ దగ్గరికా! నన్నా! వాడికి ఆ పేరు పెట్టిందే మన పిల్ల. కాలేజీలో అందరూ ఒక పన్ను మీద కూర్చుంటే వాడు రెండు పూర్తిచేసి క్యాంటీన్‌లో కూర్చునేవాడట. "అమ్మా, వాడు పన్నుని కడగడు, కడిగానని పన్నుకి చెబుతాడంతే" అని ఇంటికొచ్చి పడీపడీ నవ్వేది. అలాంటివాడి ముందు నేను నోరు తెరవాలా?

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, కడగడం అంటే ఏమిటో. నాకు పిల్ల చెప్పింది. పన్నుకి వేర్లుంటాయి. ఒక్కో వేరులో వెంట్రుకంత గొట్టం ఉంటుంది. అందులో నరం కుళ్ళుతుంది. సన్నటి ఆకురాయి లాంటిదాన్ని దింపి గీకుతారు, కానీ గీకుడు తగలని మూలలు బోలెడుంటాయి. ఆ మూలల్ని శుభ్రం చెయ్యాల్సింది నీళ్ళే. ఏ నీళ్ళనుకున్నావు? నేను దుప్పట్లకి పోసేవే. బ్లీచింగు నీళ్ళు! మొదటిసారి అది కాలేజీనుంచి వచ్చినప్పుడు దాని చేతులు వాసన చూసి, "ఇంత చదివీ నా లాండ్రీలోనే చేరావుటే?" అన్నాను. "నువ్వు దుప్పట్లు ఉతుకు, నేను పళ్ళు ఉతుకుతాను. ఇద్దరిదీ ఒకే పని" అంది.

ఆ నీళ్ళు పోసే సూదికి కొసన రంధ్రం ఉండదు, పక్కన ఉంటుంది. సూది గొట్టంలో బిగుసుకోకూడదు, పైకీ కిందికీ ఆడుతూ ఉండాలి. ఒత్తేది బొటనవేలితో కాదు, చూపుడువేలితో. "బొటనవేలికి కోపం ఎక్కువ అమ్మా. అది ఒక్క నొక్కు నొక్కిందంటే నీళ్ళు వేరు దాటి దవడలోకి పోతాయి, మనిషి మొహం గుమ్మడికాయ అవుతుంది" అనేది. కొంచెం పొయ్యాలి, ఆగాలి, మళ్ళీ కొంచెం పొయ్యాలి. ఆ ఓపిక లేనివాళ్ళు పళ్ళ డాక్టర్లు కాకూడదు, బస్సు డ్రైవర్లు కావాలట.

ఇంట్లో అది రోగుల్ని చూసే గదికి నేను తాళం వేసి ఉంచాను. గోడమీద అది రాసిన అట్ట ఇంకా ఉంది: "నొప్పి తగ్గిందని మానేయకండి." మొదటిసారి కడిగి మందు పెట్టగానే నొప్పి పోతుంది కదా, ఇక జనం అయిపు లేకుండా పోతారు, మళ్ళీ రారు. పన్ను సగంలో ఉండిపోతుంది. అలాంటివాళ్ళని ఎంత తిట్టేదో! వీధిలో కనిపిస్తే అక్కడే నిలబెట్టి అడిగేది, "ఏమండీ, మీ పన్ను నా దగ్గర సగం మిగిలిపోయింది, ఎప్పుడొస్తారు?" అని.

నా పన్ను కూడా అలాంటిదే వదినా. నువ్వు పట్టిన కంత ఇదిగో. మూడు గొట్టాలూ అదే కడిగింది. మందు పెట్టి, దూది పెట్టి, పైన తెల్ల సిమెంటు వేసి, "మిగతాది వచ్చేవారం" అంది. ఆ వారంలోనే దాని స్కూటరు ఆ లారీ కింద…

రాకుండాపోయే రోగుల్ని తిట్టిన డాక్టరమ్మ, రోగి నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంటే తనే రాకుండా పోయింది.

దాని చేతి పని ఆఖరుది నా నోట్లో ఉంది. ఆ చేపల తొట్టి కుర్రాడికి "తీసెయ్యి" అని నేనెలా చెప్పను?

సిమెంటు ఒక మూల రాలింది. కొవ్వొత్తి మైనం కరిగించి నొక్కాను. బాగా పట్టింది. తిట్టకు.

నీ ఆడపడుచు


బస్టాండు ఎదురు మేడమీద నుంచి,
ఎండ వచ్చిన ఆదివారం

మైనపు ఆడపడుచుకి,

తిట్టకు అన్నావు కాబట్టి తిట్టను. కొవ్వొత్తి మైనమా! కరెంటు పోయినప్పుడు ఒక వత్తి కూడా గుచ్చుకుని నోరు తెరుచుకు కూర్చో, వీధంతా వెలుగొస్తుంది. పళ్ళ డాక్టరుని కన్నదానివి, పంటికి మైనం పూశావంటే ఆ పిల్ల ఉంటే ఏమనేదో నువ్వే ఆలోచించు. నాకైతే వినిపిస్తూనే ఉంది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మాట్లాడలేదు నేను. మీ అన్నయ్య భయపడి మందుల షాపుకి వెళ్ళబోయారు. అప్పుడు తట్టింది. ఎక్స్‌ప్రెస్ ఎలా కడుగుతాడో పరీక్షించాలంటే పన్ను కావాలి. నాకు లేదు. మీ అన్నయ్యకి ఉంది, కుడిపక్క కింద, చల్లనీళ్ళు తాగినప్పుడల్లా మూలుగుతుంటారు. "మీ చెల్లెలి కోసం ఒక పన్ను ఇవ్వలేరా?" అన్నాను. చెల్లెలంటే ప్రాణం కదా, ఏమీ అనలేక వచ్చారు. కుర్చీ ఎక్కేముందు నావైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోను. సంతకి తోలుకొచ్చిన ఎద్దు అలా చూస్తుంది.

నేను ఆ గదిలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. "అమ్మా, బయట కుర్చీలున్నాయి" అన్నాడు. "నాకు స్టూలే అలవాటు" అన్నాను. చూశాను, నీ బదులు కళ్ళు పెట్టుకుని చూశాను. నోటికి ఆకుపచ్చ రబ్బరు గుడ్డ కట్టాడు, ఒక్క పన్ను మాత్రం పైకి తీశాడు. మీ అన్నయ్య మొహం మీద టెంటు వేసినట్టుంది. గీకాడు, కడిగాడు, మళ్ళీ గీకాడు, మళ్ళీ కడిగాడు. ఆగాడు. మళ్ళీ కడిగాడు. నాకు కునుకు పట్టింది, లేచి చూస్తే ఇంకా కడుగుతున్నాడు. మీ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు గూడ్సు బండి అయిపోయాడే! ప్రతి స్టేషన్‌లో ఆగుతున్నాడు.

చేతులు చూశాను. చూపుడువేలు.

"ఏం బాబూ, అందరూ బొటనవేలితో నొక్కుతారు కదా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"అలవాటైపోయింది అమ్మా. కాలేజీలో ఒకమ్మాయి నా వెనక నిలబడేది. బొటనవేలు పెడితే స్కేలుతో కొట్టేది. ఆ వేలికి ఇంకా భయమే" అన్నాడు.

నేను ఆ అమ్మాయి అత్తనని చెప్పాను. అతనికి కబురు తెలుసు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, ఆ తడి గ్లౌజుల చేతులతోనే. ఇంకా మసకైపోయాయి. మీ అన్నయ్య టెంటు కిందనుంచి "ఊఁ? ఊఁ?" అంటున్నారు, పని ఎందుకాగిందోనని.

"వాళ్ళమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. "మైనం పెట్టుకుని బాగానే ఉంది" అని మొత్తం చెప్పాను. అతను స్టూలు నాదగ్గర్నుంచి లాక్కుని కూర్చున్నాడు. పైన అలా మూసేస్తే లోపలి చీముకి దారి ఉండదట, ఎముకని తింటుందట. ఇంకా ఆలస్యం చేస్తే కడగడానికేమీ ఉండదు, పన్నే పీకెయ్యాలట. విన్నావా? పీకేస్తే దూదీ పోతుంది, సిమెంటూ పోతుంది, పిల్ల కడిగిన మూడు గొట్టాలూ ఎముకతో సహా పోతాయి.

నీకు కోపం వస్తుంది, రానీ. నువ్వు దాచుకుంటున్నది పిల్లని కాదు. దూదిని. ఉమ్మిలో నానిన దూదిని. నా మేనకోడలు ఆ పంటిలో లేదు.

నీ వదిన


లాండ్రీ వాటా నుంచి

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అన్నయ్య పన్ను బాగైనందుకు సంతోషం.

మీకు పిల్లలు లేరు. పిల్లకీ దూదికీ తేడా మీరు నాకు చెప్పనక్కర్లేదు.

బుగ్గ తగ్గిపోయింది. ఇక ఉత్తరాలు రాసి మీరు శ్రమపడవద్దు.

ఇట్లు,
మీ ఆడపడుచు


బస్టాండు ఎదురు మేడమీద నుంచి,
చలి మొదలవుతుండగా

నిన్ను ఏమని పిలవాలో తెలియలేదు,

"మీరు" అన్నావు. "గారు" అన్నావు. ఇన్నేళ్ళ నా వదినరికానికి ఇప్పుడు దక్కింది ఆ మర్యాద. దాన్ని ఫ్రేము కట్టించి ఆ చేపల తొట్టి పక్కన పెట్టిస్తాను.

ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. ఇన్నాళ్ళు జవాబూ రాయలేదు. కోపం వల్ల కాదు. రాయాల్సింది రాయడానికి సిగ్గేసింది.

పిల్లలు లేరన్నావు. నిజమే. అందుకే ఎవరి పిల్లో ఒకతి వచ్చి "అత్తా, నోరు తెరువు" అని నా నోట్లో అచ్చు ముద్ద కూరి, "కదిలితే గుర్రం పళ్ళు వస్తాయి, నీ ఇష్టం" అంటే నేను మహారాణిలా కూర్చున్నాను. నా కట్టుడు పళ్ళు ఎవరు చేసిందో మర్చిపోయావా? ఇక్కడికి వచ్చి, అచ్చు తీసుకుని వెళ్ళి, రెండు వరసలూ తనే సరిచూసి తెచ్చింది. ముందు పన్ను ఒకటి కొంచెం వంకరగా పెట్టింది. "ఇదేమిటే?" అంటే "మరీ సమంగా ఉంటే నువ్వు అబద్ధాలు చెబుతున్నట్టుంటుంది అత్తా" అంది.

ఇప్పుడు నా చిగుళ్ళు కుంగిపోయాయి. పళ్ళు వదులైపోయాయి. తుమ్మితే బయటికొస్తాయి. మొన్న పక్కింటావిడతో పోట్లాడుతున్నాను, నేనే గెలుస్తున్నాను, సరిగ్గా మంచి మాట దగ్గర పై వరస జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడే తీసి, కడిగి, చేతికిచ్చింది. ఇక ఎవరితో పోట్లాడను?

లోపలివైపు కొంచెం గీకి కొత్త పూత వేస్తే బిగుతుగా కూర్చుంటాయని ఎక్స్‌ప్రెస్ చెబుతూనే ఉన్నాడు. నేనివ్వలేదు. గీకేది ఎవరు చేసిన పని? అందుకే మెత్తటివి మింగుతూ, టకటకలాడుతూ తిరుగుతున్నాను. నిన్ను దూది అన్నాను. నాది ప్లాస్టిక్కు. అంతే తేడా.

బేరం పెడుతున్నాను. నువ్వు నోరు తెరిస్తే నేను నోరు ఖాళీ చేస్తాను. ఇద్దరం ఒకే రోజు. ముందు భయపడినవాళ్ళు ఓడినట్టు.

నీ వదిన (గారు లేదు)


లాండ్రీ వెనక వాటా నుంచి,
బస్సుకి ముందు

వదినా,

బుగ్గ తగ్గిందని అబద్ధం రాశాను. కన్ను సగం మూసుకుపోయింది. లాండ్రీలో నన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు, అంటే బాగా లేనట్టే.

పిల్లలు లేరన్న ముక్క నేను రాయలేదు, పన్ను రాసింది. నా చేత మళ్ళీ చెప్పించకు.

బయల్దేరుతున్నాను. ఆ దూది మాత్రం నాకిచ్చెయ్యాలని ఎక్స్‌ప్రెస్‌కి ముందే చెప్పి ఉంచు. చిన్న స్టీలు డబ్బా తెస్తున్నాను.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక వాటా నుంచి,
ఇల్లు చేరిన మర్నాడు

వదినా,

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎక్స్‌ప్రెస్ గదిలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. ఎలా చెప్పను? నీ పళ్ళు పూతకి వెళ్ళాయి, నా దవడకి మత్తు. నువ్వు "ఫు ఫు" అంటే నేను "వ వ" అన్నాను. మధ్యలో అన్నయ్య. ఆయన పేపరు మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదవడం నేను ఇదే చూడడం. పెళ్ళయ్యాక ఆయనకి అంత శాంతి ఎప్పుడైనా దొరికిందా? మర్నాడు మత్తు దిగింది, నిజమే. అప్పటికీ చెప్పలేదు. చెబితే నువ్వు ఏడుస్తావు. పళ్ళు లేని నోటితో నువ్వు ఏడుస్తుంటే నాకు నవ్వొస్తుంది. అందుకే రాస్తున్నాను. పళ్ళు పెట్టుకుని చదువు.

ఎక్స్‌ప్రెస్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "కూర్చో బాబూ, కడిగేది నువ్వు, నేను కాదు" అన్నాను. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయేమోనని అతని చేతులు చూశాను. ఉన్నాయి.

ముందు నా మైనం తీశాడు. పెద్ద ముక్క వచ్చింది. "ఇంత బాగా ఎలా నొక్కారమ్మా?" అన్నాడు. "అది వెటకారమా?" అన్నాను. "సగం" అన్నాడు. అప్పుడు కొంచెం నచ్చాడు. తర్వాత సిమెంటు. తర్వాత దూది. నేను వెళ్ళేముందే నువ్వు చెప్పి ఉంచినట్టున్నావు, చిన్న స్టీలు పళ్ళెంలో పెట్టి నా ముందుకి తెచ్చాడు.

వదినా, కంపు. మామూలు కంపు కాదు. మురుగు కాలువ మూత తీసినట్టు. ఇన్నాళ్ళూ దాన్నే నేను నాలికతో తడుముకుంటూ, ఒక పక్కనే నములుతూ, దేవుణ్ణి దాచుకున్నట్టు దాచుకున్నాను. నల్లగా, చీమ తలంత ఉంది. నా డబ్బా సంచీలోనే ఉంది. నాకు పిల్ల గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ వినబడలేదు: "ఛీ అమ్మా, పారెయ్యి!"

"పారెయ్యి బాబూ" అన్నాను.

"నిజంగానా అమ్మా?"

"మళ్ళీ అడిగావంటే ఇంటికి తీసుకుపోతాను. పారెయ్యి."

పారేశాడు. డబ్బాలో ఇప్పుడు గుండు సూదులు పెట్టుకున్నాను.

తర్వాత రబ్బరు గుడ్డ కట్టి కడగడం మొదలుపెట్టాడు. బ్లీచింగు వాసన. రోజూ లాండ్రీలో పీల్చే వాసనే, కానీ పడుకుని పీలిస్తే వేరేగా ఉంది. అది ఇంటికొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు వచ్చేది కదా, అలా ఉంది. కళ్ళలోంచి కారుతుంటే "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. నోట్లో అంత సామాను పెట్టుకుని ఏమని చెప్పను? "ఊఁ" అన్నాను. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు. నా ఏడుపుకి దక్కిన ఫలితం అది.

చూపుడువేలే. నువ్వు చెప్పింది నిజం. పోసేవాడు, ఆగేవాడు, పోసేవాడు. కిటికీ అవతల ఒకతను నిచ్చెనెక్కి బోర్డుకి రంగు వేస్తున్నాడు. ఈయన మొదలెట్టినప్పుడు అతను మొదటి అక్షరం దగ్గరున్నాడు, బోర్డు పూర్తిచేసి నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు. ఈయన ఇంకా నా పంటిలోనే ఉన్నాడు.

ఇంతలో భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని లోపలికి తొంగిచూసి, "అమ్మా, ఇంకోటుంది" అన్నాడు.

నేను చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించాను. పిల్ల మూడే అంది మరి. ఆయన నాలుగు చూపించాడు. నేను మళ్ళీ మూడు, గట్టిగా. ఆయన మళ్ళీ నాలుగు. సంతలో బేరంలా ఉంది. చివరికి కంప్యూటరు తెర మీద చూపించాడు. మూడు గొట్టాల పక్కన, వాటిలో ఒకదానికి అతుక్కున్నట్టు, సూదిమొన పెట్టి గుచ్చినంత చుక్క. అందులో కుళ్ళు అలాగే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు.

దాన్నీ కడిగాడు. అన్నీ అయ్యాక, రబ్బరు గుడ్డ తీశాక, వంకర నోటితో అడిగాను: "ఇది మా పిల్ల చూడలేదా?"

ఆయన గ్లౌజులు తీశాడు, చెత్తబుట్టలో వేశాడు, మూత సరిచేశాడు. "ఒక్కోసారి అది దాక్కుంటుందమ్మా. చాలా సన్నటిది. పెద్ద పెద్ద డాక్టర్లకే దొరకదు" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

అప్పుడు నా మొహంలోకి చూశాడు. "చూడలేదమ్మా. వచ్చేవారం చూద్దామనుకుందేమో నాకు తెలియదు. కానీ అప్పటికి చూడలేదు." మళ్ళీ తనే అన్నాడు, "ఇదే నేను వదిలేసి ఉంటే నా వేళ్ళు విరగ్గొట్టేది."

నేను నవ్వానే వదినా. మత్తు ఎక్కిన సగం నోటితో, చొంగ కారుతుంటే నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. అవతలి గదిలోంచి నువ్వు పళ్ళు లేకుండా "ఏంఫీ? ఏంఫీ?" అని అరిచావే, అది ఇదే.

నిన్న ఇంటికొచ్చి దాని గది తాళం తీశాను. కుర్చీ మీద దుమ్ము. గోడమీద అట్ట. పటంలో అది, బుద్ధిమంతురాలిలా. పటం కట్టించిన రోజునుంచీ దాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదని అప్పుడు తోచింది. వచ్చినవాళ్ళంతా బంగారం అన్నారు, దేవత అన్నారు. నేనూ తలూపాను. వదినా, నా కూతురు దేవత ఎప్పుడైంది? తడి తువ్వాలు మంచం మీద పడేసేది. నా చెప్పులేసుకుని పోయేది. వాదించి వాదించి నన్ను లాండ్రీకి ఆలస్యం చేసేది. రోజుకి ఒక్కసారైనా తిట్టకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. "నాలుగోది ఎక్కడే? ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ వెతికినదానివి, అమ్మ పన్ను కనబడలేదా? గోడకి అట్టలు రాస్తావా, సగంలో మానేయకండని? నువ్వు చేసిందేమిటి?" తిట్టానే, నోరారా తిట్టాను. దుమ్ము గుడ్డ చేత్తో పట్టుకునే తిట్టాను. చివరికి అసలు మాట వచ్చింది, ఇన్నాళ్ళూ ఆ దూది కింద ఉన్నది అదేనేమో. "గొట్టంలో నీళ్ళు పోయడానికి అంత ఓపిక ఉన్నదానివి, చూపుడువేలితో చుక్క చుక్క పోసినదానివి, బండెక్కేసరికి ఆ ఓపిక ఏమైందే? ఎవరు తరిమారు నిన్ను? నీ పేషెంటు ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే కదా ఉంది!"

తర్వాత కూర్చుని ఏడ్చాను. అది నీకు రాయక్కర్లేదు, నువ్వూ ఇప్పుడు అదే పని చేస్తుంటావు.

గది తుడిచాను. కిటికీ తెరిచి ఉంచాను. ఎడమపక్క మాత్రం ఇంకా నమలొద్దన్నాడు, మందు పెట్టి తాత్కాలికంగా మూశాడు కదా. మిగతాది వచ్చేవారం అన్నాడు. పిల్ల కూడా సరిగ్గా ఆ మాటే అని వెళ్ళింది కదా.

అందుకే ఈ పని నువ్వే చెయ్యాలి. ఎక్స్‌ప్రెస్‌కి ఒక బండి ఉంది, ఎర్రది, వాకిట్లో చూశాను. ఆయన ఇల్లు ఆసుపత్రికి దగ్గరే కదా. ఆ రోజు దాన్ని తియ్యనివ్వకు. పొద్దున్నే నువ్వు వెళ్ళి వాళ్ళ గేటు దగ్గర నిలబడు. ఏమైనా అంటే బిగించిన పళ్ళతో గట్టిగా పోట్లాడు, ఇప్పుడు జారవు కదా.

నడిచి రమ్మను. నెమ్మదిగా, రోడ్డు పక్కగా. నేను అయిపు లేకుండా పోను, వస్తున్నాను. ఆయన్ని కూడా రమ్మను.

నీ ఆడపడుచు